కలివికోడి గుడ్డు పెట్టే నేల

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య సదుపాయాల గురించి పెద్దలు ఇదివరకే విపులంగా మాట్లాడారు. నన్ను మాత్రం "మీ కొండ పక్షి గురించి పది నిమిషాలు చెప్పండి" అని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. తపాలా శాఖలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి 2005లో పదవీ విరమణ చేసిన గుమాస్తాను.

మా ఊరు కడప జిల్లాలో లంకమల కొండల కింద ఉంది. 1988లో నేను కౌంటరులో ఉండగా రూపాయి వెల గల కొత్త తపాలా బిళ్ళ వచ్చింది. దాని మీద పొడుగు కాళ్ళ పక్షి బొమ్మ, జెర్డాన్స్ కోర్సర్ అని పేరు. ఎన్ని బిళ్ళలు చించి ఇచ్చానో లెక్కలేదు. అది మా పొదల్లో తిరిగే కలివికోడి అని మాత్రం అప్పుడు నాకు తెలియదు. కలివి పొదల్లో ఉంటుంది గనుక మనవాళ్ళు పెట్టిన పేరు అది.

జెర్డాన్ అనే సైనిక వైద్యుడు 1848 ప్రాంతంలో ఈ పక్షిని లోకానికి తెలియజేశాడు. 1900 తరువాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానికుడు రాత్రివేళ దీనిని ప్రాణాలతో పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గారి అన్వేషణ అలా ఫలించింది. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది ఈ పక్షి కోసమే.

ఇది పగలంతా పొదల నీడన దాగి రాత్రి తిరిగే పక్షి. పొద్దుగూకిన ముప్పావుగంటకు కొద్దిసేపు కూసి ఊరుకుంటుంది. చూడటం కష్టం గనుక పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారి అడుగుజాడలు వెదికేవారు. దీని జాతి పక్షులు చెట్ల మీద గూడు కట్టవు, వట్టి నేల మీదే గుడ్లు పెడతాయి. కలివికోడి గుడ్డు అని రుజువైనది స్కాట్లాండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించిన ఆ గుడ్డును 2013లో డి.ఎన్.ఎ. పరీక్షతో నిర్ధారించారు. మన కొండ పక్షి గుడ్డు చూడాలంటే సముద్రాలు దాటి వెళ్ళాలి! కనుక గూడు ఎక్కడుందో తెలియనప్పుడు ఆ పొదల నేలనంతా గూడుగానే భావించి కాపాడాలి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఈ మాట చెప్పే అర్హత నాకు తప్పు చేయడం వల్ల వచ్చింది. రిటైరైన మరుసటి ఏడు కొండ వాలున ఉన్న మా నాలుగెకరాల బీడును నిమ్మతోట చేయాలనుకున్నాను. మా ఊరి మేకల కాపరి, నాకన్నా పెద్దవాడు, వచ్చి "సామీ, ఆ పొదల్లో సందేళ ఏందో పిట్ట కూస్తాది. కొట్టీబాకండి" అన్నాడు. నేను నవ్వాను. రెండు రోజుల్లో జె.సి.బి.తో రేగు, కలివి, తుమ్మ అన్నీ పెళ్ళగించాము. గ్రాట్యుటీలో సగం బోర్లకే పోయింది. నీరు పడలేదు, నిమ్మ ఎండిపోయింది. కూసింది కలివికోడో కాదో నేను చెప్పలేను. ఆ కాపరి మాత్రం మళ్ళీ ఆ కూత వినలేదన్నాడు.

2005లో తెలుగుగంగ కాలువ పనులు కూడా ఈ పక్షి తిరిగే నేలలోకే వచ్చాయి. అభ్యంతరాలతో పని ఆగింది, కాలువ దారి మార్చారు. కరువు సీమవాళ్ళం, నీటి విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కాలువను పక్కకు తిప్పవచ్చు, పక్షిని తిప్పలేము. ఆ తరువాత పదిహేనేళ్ళకు పైగా దాని జాడ ధ్రువపడలేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు దాని కూతను తిరిగి రికార్డు చేశారని పత్రికలో చదివి నేను పొందిన ఆనందం ఇంతా అంతా కాదు.

మిత్రులారా, మనలో చాలామందికి కొండల కింద మెట్ట పొలాలున్నాయి. నా మనవి మూడు మాటలు. మొదటిది, పొదలున్న బీడును పనికిరాని నేల అనకండి. రెండవది, కాపరులను తరిమివేయడం సంరక్షణ కాదు. పొదలు మరీ చిక్కబడినా ఈ పక్షికి పనికిరావు, నడుమ నేల ఉండాలి. మితమైన మేత వల్ల ఆ నేల నిలుస్తుందని పరిశోధకులే చెప్పారు. మూడవది, వింతకోసం రాత్రిపూట దీపాలు పట్టుకుని గుంపుగా పోకండి.

మా బీడులో ఇప్పుడు రేగు, కలివి నడుము ఎత్తున మళ్ళీ లేచాయి. ప్లాట్లకు ఇస్తే మంచి ధర వస్తుందని మా అబ్బాయిలంటున్నారు. వారికీ పిల్లల చదువులున్నాయి, వారిది తప్పనను. నేనున్నంతవరకు అమ్మవద్దన్నాను. నా తరువాత సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు. అందుకే ఈరోజు వారిని కూడా సభకు తీసుకొచ్చాను. వెనుక వరుసలో కూర్చుని వింటున్నారు.