పటంలో కనబడని ఆకలి
(ప్రసంగ పాఠం)



వరద వచ్చినప్పుడు అందరి దృష్టీ నీటిపైనే నిలుస్తుంది. ఏ ఊరు మునిగింది, ఎన్ని ఇళ్లు కూలాయి అని లెక్కిస్తారు. మునగకుండా మిట్టమీద నిలిచిన ఊరిలో పొయ్యి వెలిగిందా అన్న ప్రశ్న ఆలస్యంగా వస్తుంది. దానికి సకాలంలో సమాధానం వెదకడానికి తోడ్పడే సాధనం పటం.

బల్లార్‌పూర్ వర్ధా నది ఒడ్డున వెలసిన పట్టణం. బొగ్గు గనులు, కాగితపు మిల్లు ఇక్కడి ఎన్నో తెలుగు కుటుంబాలకు జీవనాధారమైనాయి. నదికి ఆవల ఉన్న రాజురా 1956కు పూర్వం ఆదిలాబాద్ జిల్లాలోనిది. వర్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారి కాళేశ్వరం వద్ద గోదావరిలో చేరుతాయి. 2022 జులైలో చంద్రపూర్ జిల్లా వరదల్లో చిక్కుకొనగా, అదే నెలలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తరువాత అక్కడ నమోదైన పెద్ద వరద అదే.

మేఘాలు కమ్మినా రాడార్ ఉపగ్రహాలు నేలను చూడగలవు. నిశ్చలమైన నీరు వాటి చిత్రాలలో నల్లగా కనబడుతుంది. మన దేశం 2012లో ప్రయోగించిన రీశాట్-1, 2022లో ప్రయోగించిన ఈఓఎస్-04 ఇట్టివే. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ముంపు పటాలు తయారుచేస్తుంది.

అయితే ముంపు పటం నీటిని చూపుతుంది గాని అన్నాన్ని చూపదు. దానిపై జనావాసాలను, రహదారులను, వంతెనలను, చౌకధరల దుకాణాలను, గిడ్డంగులను గుర్తించాలి. మునిగిన దారులను తొలగించి, ప్రతి పల్లె నుండి దుకాణానికి మిగిలిన దారి ఎంతో కొలవాలి. ఒక పల్లెకు దుకాణం 2 కిలోమీటర్లు అనుకుందాం. నడుమ కల్వర్టు మునిగితే చుట్టుదారి 20 కిలోమీటర్లు కావచ్చు. అసలు దారే లేకపోవచ్చు. ముంపు జాబితాలో ఆ పల్లె పేరుండదు. సహాయం అందవలసిన వరుసలో మాత్రం అది ముందుండాలి.

దారి ఉన్నంత మాత్రాన అన్నం ఉన్నట్లు కాదు. దుకాణంలో సరుకు ఉన్నదా, వేలిముద్ర యంత్రానికి కరెంటు ఉన్నదా, పని నిలిచిన కూలీ చేతిలో డబ్బున్నదా అన్నవి ఉపగ్రహానికి అందవు. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డు ఉన్న తెలంగాణ కూలీ, ‘ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు’ పథకం కింద, ఇక్కడి దుకాణంలోనే తన ధాన్యం పొందవచ్చు. కాని ఆ యంత్రం పనిచేయాలి కదా!

2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు, దేశదేశాల స్వచ్ఛంద సేవకులు ఉపగ్రహ చిత్రాలు చూసి అక్కడి వీధులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీశారు. సహాయ బృందాలకు అది దారి చూపింది. వీధులను దూరం నుండి గీయవచ్చు. ఏ కల్వర్టు ముందుగా మునుగుతుందో, ఏ ఇంట వృద్ధులు ఒంటరిగా ఉన్నారో ఆ వీధి పిల్లలకే తెలుసు.

డెబ్బై అయిదేళ్లుగా అక్షరాలు దిద్దించిన బడి ఇకపై ఈ పటాన్ని కూడా దిద్దించాలి. ప్రతి విద్యార్థి వచ్చే వర్షాకాలానికి ముందే తన వీధి పటం గీసి, రేషన్ దుకాణాన్ని, చేతిపంపును, కల్వర్టును గుర్తించాలి. భూగోళ పాఠం ఒక ఇంట పొయ్యి వెలిగించగలిగితే, ఆ చదువు సార్థకమైనట్లే.