రుద్రారం నుంచి రొట్టె పెంక దాకా: ఫ్లోరోపాలిమర్ల చరిత్ర

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీదికి ఎక్కబోయే పడుగు, జగిత్యాల కిరాణా దుకాణంలో కవర్ల మూతులు అతికించే చిన్న యంత్రం, కోరుట్ల వంటింట్లోని అట్ల పెంక, ఇవి పైకి ఒకదానికొకటి సంబంధం లేనివిగా కనిపించినా, ఈ మూడు చోట్లా పనికివచ్చే పదార్థం ఒక్కటే. దాని శాస్త్రీయ నామం పాలిటెట్రాఫ్లోరోఇథిలీన్. లోకం దాన్ని ఎరిగింది టెఫ్లాన్ అనే వ్యాపారనామంతో. కార్బన్, ఫ్లోరిన్ పరమాణువులు గొలుసులుగా పేర్చుకున్న ఈ కోవ ప్లాస్టిక్కులను ఫ్లోరోపాలిమర్లు అంటారు. వీటి గుణదోషాలను వాడే చోట మాత్రమే తూచడం చాలదనీ, పుట్టే చోట కూడా తూచాలనీ వీటి చరిత్ర చెబుతుంది. ఈ ఉపన్యాసం నిరూపించదలచిన విషయం అదే.

1938 ఏప్రిల్ 6న, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త శీతలీకరణ వాయువుల మీద పరిశోధిస్తుండగా, టెట్రాఫ్లోరోఇథిలీన్ నింపి ఉంచిన ఒక సిలిండరు నుంచి వాయువు రావడం ఆగిపోయింది. బరువు చూస్తే సిలిండరు ఖాళీ కాలేదని తేలింది. కోసి చూస్తే లోపల తెల్లని, మైనం వంటి పొడి కనిపించింది. వాయువు అణువులు తమంతట తామే గొలుసులు కట్టి ఘనపదార్థంగా మారాయన్నమాట. 1941లో దీనికి పేటెంటు లభించింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అణుబాంబు తయారీకి యురేనియాన్ని శుద్ధిచేసే కర్మాగారాలలో, లోహాలను తినివేసే యురేనియం హెక్సాఫ్లోరైడు వాయువును తట్టుకునే గాస్కెట్లకూ కవాటాలకూ ఈ పదార్థమే అక్కరకు వచ్చింది. వంటింటికి రాకముందే అది యుద్ధరంగానికి వెళ్లింది.

ఈ ఓర్పు దాని అణునిర్మాణంలోనే ఉంది. కార్బన్ గొలుసు చుట్టూ ఫ్లోరిన్ పరమాణువులు సందు లేకుండా తొడుగులా కమ్ముకుని ఉండడం, ఆ రెండింటి మధ్య బంధం కర్బన రసాయనాలలోకెల్లా దృఢమైన బంధాలలో ఒకటి కావడం వల్ల, ఆమ్లాలూ క్షారాలూ నూనెలూ నీరూ దాన్ని దాదాపు ఏమీ చేయలేవు. అయితే దేనికీ అంటని పదార్థాన్ని పెంకకు అంటించడం ఎలాగన్న చిక్కు చాలాకాలం మిగిలింది. 327 డిగ్రీల సెల్సియస్ దాటినా ఇది ద్రవమై పారదు గనుక, మామూలు ప్లాస్టిక్కులా కరిగించి అచ్చుపోయడం కుదరదు. పొడిని నొక్కి, వేడిచేసి, రేణువులను కలిసిపోయేలా చేయవలసి వస్తుంది. ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ 1954లో అల్యూమినియం ఉపరితలాన్ని గరుకుచేసి, ఆ గరుకు సందుల్లో పూత పట్టుకునే పద్ధతిని రూపొందించగా, 1956లో టెఫాల్ సంస్థ ఏర్పడింది. భారతదేశంలో 1968లో ఔరంగాబాదుకు చెందిన నిర్లెప్ సంస్థ నాన్‌స్టిక్ పాత్రలను మార్కెట్టులోకి తెచ్చింది.

ఈ చరిత్రలో తెలుగునేలకు సొంత అధ్యాయం ఉంది. ప్రభుత్వరంగ హిందుస్తాన్ ఆర్గానిక్ కెమికల్స్‌కు అనుబంధంగా 1983లో ఏర్పడిన హిందుస్తాన్ ఫ్లోరోకార్బన్స్ లిమిటెడ్, నాటి మెదక్ జిల్లా రుద్రారంలో 1987లో ఉత్పత్తి మొదలుపెట్టి, దేశంలో పాలిటెట్రాఫ్లోరోఇథిలీన్‌ను తయారుచేసిన తొలి కర్మాగారంగా పేరుపొందింది. ఈ తయారీలో ఫ్లోర్‌స్పార్ ఖనిజం నుంచి వచ్చే హైడ్రోజన్ ఫ్లోరైడును క్లోరోఫామ్‌తో కలిపి ఆర్-22 అనే శీతలీకరణ వాయువును చేస్తారు. దాన్ని తీవ్రమైన వేడితో విడగొట్టి టెట్రాఫ్లోరోఇథిలీన్‌ను రాబడతారు. ఆర్-22 ఓజోన్ పొరకు హాని చేసేది కావడంతో దాని ఇతర వాడకాల మీద మాంట్రియల్ ఒప్పందం పరిమితులు విధించింది; దాని తయారీలో వెలువడే హెచ్‌ఎఫ్‌సి-23 అనే ఉపవాయువు బొగ్గుపులుసు వాయువు కంటే పదివేల రెట్లకు మించి భూమిని వేడెక్కిస్తుంది. నష్టాల్లో కూరుకుపోయిన రుద్రారం సంస్థను మూసివేయాలని 2020 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. దేశంలో ఈ పరిశ్రమకు నేడు ముఖ్య కేంద్రం గుజరాత్‌లోని దహేజ్.

కర్మాగారం మూతపడినా వాడకం ఆగలేదు. పడుగు నూలుకు గంజి పట్టించే సైజింగ్ యంత్రంలో తడి పోగులు మొదట తాకే వేడి సిలిండర్లకు ఈ పూత వేయడం జౌళిరంగంలో స్థిరపడిన పద్ధతి. అది లేకుంటే గంజి సిలిండరుకు పట్టి, పోగులు చిట్లి, బీము మీదికి ఎక్కిన పడుగు మగ్గం మీద పదే పదే తెగి, నష్టం నేరుగా ఆసామి, కార్మికుల కూలి మీద పడుతుంది. కవర్లు అతికించే యంత్రంలో వేడితీగ మీద కనిపించే గోధుమరంగు గుడ్డ ఈ పూత వేసిన గాజునార వస్త్రమే. నల్లా మరల చుట్టూ చుట్టే తెల్ల టేపు కూడా ఈ పదార్థమే.

వంటింటి విషయంలో వివేచన అవసరం. 260 డిగ్రీల వరకు నిలకడగా ఉండే ఈ పూత, 350 డిగ్రీలు దాటితే విచ్ఛిన్నమై విషవాయువులు విడుస్తుంది. అవి మనుషులకు జ్వరలక్షణాలు కలిగిస్తాయి, పెంపుడు పక్షుల ప్రాణాలు తీస్తాయి. నూనె రాసిన చల్లని గిన్నెలో పిండి ఒత్తి, ఆ తరువాతే పొయ్యి మీద పెట్టే సర్వపిండికి నాన్‌స్టిక్ పాత్ర బాగానే ఒప్పుతుంది. ఖాళీ పెంకను బాగా కాల్చిన తరువాతే వేయవలసిన జొన్నరొట్టెకు మాత్రం ఇనుప పెంకే తగినది.

అసలు మూల్యం తయారీలో ఉంది. పూతకు వాడే రకాన్ని నీటిలో తయారుచేయడానికి దశాబ్దాలపాటు వాడిన పి.ఎఫ్.ఓ.ఏ. అనే సహాయక రసాయనం ప్రకృతిలో విడిపోకుండా నీటిలోనూ నెత్తురులోనూ నిలిచిపోయింది. వెస్ట్ వర్జీనియాలోని డ్యూపాంట్ కర్మాగార పరిసరాల తాగునీరు దానితో కలుషితమైన వ్యవహారంలో, 2017లో డ్యూపాంట్, దాని నుంచి విడివడిన కెమూర్స్ సంస్థలు సుమారు 67 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం ఆ రసాయనాన్ని నిర్మూలించవలసిన వాటి జాబితాలో చేర్చింది. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది.

కాబట్టి ఈ పదార్థాన్ని వరమనో శాపమనో ఒక్కమాటలో తేల్చడం న్యాయం కాదు. సైజింగ్ సిలిండరులో, కవాటంలో, రక్తనాళాల శస్త్రచికిత్సలో దానికి సాటి దొరకడం కష్టం. వంటింట్లో ఇనుము చాలినచోట దాని అవసరం లేదు. పాత్ర కొనే గృహస్థులు పూత రకాన్నీ తయారీ వివరాలనూ అడగాలి. సైజింగ్ యూనిట్లవారు పాత పూతను కాల్చి తొలగించే పద్ధతి మానుకోవాలి. ఫ్లోరోరసాయన కర్మాగారాల చుట్టుపక్కల నీటి పరీక్షల ఫలితాలను కాలుష్య నియంత్రణ మండళ్లు తెలుగులో ప్రజల ముందుంచాలి.