‘ఉత్త బీఎస్సీ’ అనకండి

(కామారెడ్డిలో జరిగిన విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మన ఇళ్లలో బైపీసీ చదివిన పిల్లలకు రెండే గమ్యాలు చెబుతాము. నీట్‌లో ర్యాంకు వస్తే డాక్టరు. రాకపోతే అబ్బాయికి పాస్‌పోర్టు, అమ్మాయికి సంబంధం. నడుమనున్న మూడేళ్ల చదువును ‘ఉత్త బీఎస్సీ’ అని తీసిపారేస్తాము. ఆ ‘ఉత్త’ అన్న మాటను వెనక్కు తీసుకొమ్మని అడగడానికే నేడు నిలబడ్డాను. ముఖ్యంగా రసాయనశాస్త్రం ఒక పాఠ్యాంశంగా ఉన్న బీఎస్సీ విషయంలో.

జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరు ఇటువంటి సభల్లో తప్పక వినబడుతుంది. వినబడవలసిందే. కాని పన్నెండు వందల ఏళ్ల నాటి ఘనతకు చప్పట్లు కొట్టి, మరునాడే అమ్మాయి చదువు మాన్పించిన ఇళ్లు నాకు తెలుసు. కనుక మనకు దగ్గరి కాలపు మాట చెబుతాను. ఖ్వాజా అబ్దుల్ హమీద్ అలీగఢ్‌తో అనుబంధం గలవారు, బెర్లిన్‌లో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ పొందినవారు. 1935లో బొంబాయిలో సిప్లా సంస్థను స్థాపించారు. ఆయన కుమారుడు యూసుఫ్ హమీద్ కేంబ్రిడ్జిలో అదే శాస్త్రం చదివారు. ఎయిడ్స్ రోగికి ఏడాది మందుల వెల పది వేల డాలర్లు దాటి ఉన్న కాలంలో, 2001లో, రోజుకు ఒక డాలరు లోపు ధరకు ఇస్తామని ప్రకటించారు. మన హైదరాబాదులోనూ, బాలానగర్ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను నెలకొల్పారు. జీడిమెట్ల, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో నేటికీ ప్రయోగశాలల బల్లల ముందు నిలబడి పనిచేసేవారిలో బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలు ఎందరో ఉన్నారు.

చట్టం కూడా వారికి చోటిచ్చింది. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం మందుల తయారీని పర్యవేక్షించే సిబ్బందిగా ఫార్మసీ పట్టభద్రులతో పాటు, రసాయనశాస్త్రం ప్రధానాంశంగా సైన్సు డిగ్రీ పొంది, ఆపై తయారీలో మూడేళ్ల అనుభవం గలవారు కూడా అర్హులే. అయితే మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా నిలబడడానికి ఈ డిగ్రీ పనికిరాదు. దానికి ఫార్మసీ చదివి తీరాలి. ఈ భేదం తెలియక తరువాత బాధపడకండి.

అంత దూరం పోనక్కరలేదనేవారు మన జిల్లానే చూడండి. బెల్లం వ్యాపారానికి పేరుబడిన ఊరు మనది. అడ్లూర్ ఎల్లారెడ్డిలో చక్కెర కర్మాగారం ఉంది. (అది సదాశివనగర్ మండలంలోనిది. మన ఎల్లారెడ్డి కాదు.) చెరకు రసంలో చక్కెర పాలెంతో తేల్చేది ప్రయోగశాలలోని కెమిస్టే. బోధన్ నిజాం షుగర్స్ 2015లో మూతబడడంతో అటువంటి కొలువులు తగ్గిన మాట నిజమే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివితే ఆహార భద్రతాధికారి ఉద్యోగానికి అర్హత వస్తుంది. బీ.ఎడ్. చేస్తే బడి ఉంది. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు, మూడేళ్ల న్యాయవిద్యకు ఏ డిగ్రీ అయినా చాలు. పదిహేడేళ్ల వయసులో జీవితమంతటికీ ఒకే నిర్ణయం చేయలేని పిల్లకు, లక్షల రూపాయల కోచింగుకు తాహతు లేని ఇంటికి, ఈ వెసులుబాటు చిన్నది కాదు.

కాని ఈ వెసులుబాటు ప్రయోగశాలలోనే పుడుతుంది. బ్యూరెట్ పట్టకుండా, పక్కవాడి రికార్డు చూసి రాసి, మూడేళ్లు గడిపినవాణ్ణి ఏ కంపెనీ ఉంచుకుంటుంది? చేర్పించే ముందు కళాశాలకు వెళ్లి, ప్రాక్టికల్స్ వారానికి ఎన్ని గంటలని అడగండి. ల్యాబు తలుపు తెరిపించి చూడండి. అడగడం మీ హక్కు. గణితమంటే భయం లేని పిల్లలు ఎంపీసీ తీసుకొంటే మరికొన్ని దారులు తెరిచి ఉంటాయి. జీవశాస్త్రం ఇష్టమైనవారికి బీజడ్సీ సరిపోతుంది.

ఉర్దూ మాధ్యమం పిల్లలు ఇంగ్లీషుకు జంకుతున్నారు. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో ఒకప్పుడు సైన్సుతో సహా ఉర్దూలోనే బోధించారు. అందుకు పుస్తకాలు అనువదించడానికి అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా ఏర్పడింది. మీ ముత్తాతల నాటి పిల్లలు ఆమ్లాన్ని తేజాబ్ అని చదివి పట్టాలు పొందారు. ఫార్ములా ఏ భాషలోనైనా ఒకటే. మొదటి ఆరు నెలలు ఓపిక పట్టండి.

ఇక ఎల్లారెడ్డి తల్లులకు ఒక మాట. కామారెడ్డికి సుమారు 40 కిలోమీటర్లు. ఒకప్పుడు బస్సు ఛార్జీలే అడ్డంకి. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్టు లేదు. భయమైతే నలుగురు పిల్లలను కలిపి ఒకే బస్సులో పంపండి. చదువు మాన్పించకండి.

అసలు చిక్కు ఫీజుల దగ్గర వస్తుంది. ప్రభుత్వం నుండి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని, డిగ్రీ పూర్తయిన పిల్లల సర్టిఫికెట్లు కళాశాలలు ఆపుతున్నాయి. పీజీ సీటు వచ్చినా చేతిలో టీసీ లేక సీటు వదులుకొంటున్నారు. దస్త్రాల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి కనుక చెబుతున్నాను: ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. ఆ ఉత్తర్వును ఉటంకిస్తూ అర్జీ రాసి, నకలుపై అందినట్లు ముద్ర వేయించుకోండి. నోటిమాటను ఎవరూ లెక్కచేయరు. బకాయిలు విడుదల చేయించే బాధ్యత మన సంఘాలది, మనం ఎన్నుకొన్నవారిది. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో ఎత్తివేసింది. దానిని మళ్లీ అడగాలన్నా, అడగడానికి ఎమ్మెస్సీ చదివిన మన పిల్లలు ఉండాలి కదా.

2007 చట్టం ప్రకారం నాలుగు శాతం బీసీ-ఈ రిజర్వేషన్ సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతున్నది. షేక్ కుటుంబాలు దాని కిందికి వస్తాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు రావు. మీది ఏదో ఇప్పుడే తేల్చుకోండి. ఆదాయ ధ్రువపత్రానికి నేడే దరఖాస్తు చేయండి. దోస్త్ నమోదుకు ఆధార్‌తో అనుసంధానమైన ఫోను నంబరు కావాలి. చాలామంది ఆగిపోయేది అక్కడే. జుహర్ నమాజు తరువాత నేను వెనుక వరుసలో కూర్చుంటాను. మెమో, ఆధార్, ఆ ఫోను తెచ్చినవారి ఫారాలు ఈ పూటే నింపుదాం.