పనిచేయు వజ్రము



వజ్రమనగానే మనకు కిరీటమో, ఉంగరమో తలపునకు వచ్చును. తొలకరి వానలు కురియగానే తుంగభద్రకు ఆవల, కర్నూలు సీమలోని జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములకు జనులు గుంపులుగా పోయి, చేలలో వంగి వజ్రములను వెదకుట మీరెరిగినదే. దొరకినవాడు భాగ్యవంతుడు, దొరకనివానికి విత్తుకాలము గడచిపోవును. నేడు నేను చెప్పబోవునది ఆ వజ్రమును గూర్చి కాదు. తళుకు లేనిది, నల్లనిది, ఎవరును ధరింపనిది, మనుష్యుడు చేసినది, మరియొక వజ్రము కలదు. దానిని ఇంగ్లీషువారు పాలీక్రిస్టలైన్ డైమండ్ అందురు. మనము బహుస్ఫటిక వజ్రమని చెప్పుకొందము.

అమరకోశము వల్లించినవారికి వజ్రమునకు ‘భిదురము’ అను పర్యాయపదము జ్ఞాపకముండును. భిద్ ధాతువునకు చీల్చుటయని అర్థము. ఇంద్రుని ఆయుధమునకు తగిన పేరే. అయితే వ్యాకరణము చదివినవారు ఈ పదమునకు మరియొక అర్థమును గూడ చెప్పుదురు: తనంత తాను సులభముగా చీలునది. చీల్చునదియు, చీలునదియు ఒక్క పేరున ఎట్లిమిడినవి? బడిలో ఈ పదము వచ్చినప్పుడెల్ల పిల్లలకు నేను వజ్రపురాయినే దృష్టాంతముగా చూపుచుంటిని. వజ్రము అన్నిటిని గీయును. దానిని మరియొక వజ్రమే గీయవలెను. కాని సరియైన తావున ఒక్క దెబ్బ తగిలినచో ఆ వజ్రమే రెండుగా చీలును. కాఠిన్యము వేరు, దార్ఢ్యము వేరు. రత్నమునకు మొదటిది నిండుగ నున్నది, రెండవది కొరత.

కారణమేమనగా, వజ్రము శుద్ధమైన బొగ్గు పదార్థము. 1797లో టెన్నంటు అను ఇంగ్లండు పండితుడు వజ్రమును కాల్చి, అది బొగ్గు తప్ప వేరు కాదని నిరూపించెను. రత్నములో ఆ బొగ్గు పరమాణువులు ఆమూలాగ్రము ఒకే వరుసలో కూర్చుండును. కావున ఆ వరుసల వెంబడి కొన్ని తలములలో చీలుట సులభము. మన రాళ్లు కొట్టువారు గుండు ఏ వైపున పగులునో చూచి అక్కడ ఉలి నిలుపుదురు గదా! అట్టిదే ఇదియు.

మనుష్యుడు వజ్రమును చేయనేర్చినది మొన్నమొన్ననే. 1954 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో ట్రేసీ హాల్ అను శాస్త్రజ్ఞుడు దీనిని సాధించెను. 1955లో లోకమునకు ప్రకటించిరి. అట్లు వచ్చినవి ఇసుక రేణువులవంటి చిన్న వజ్రములు. తరువాత 1970 దశకమున ఆ రేణువులను ఒక్కటిగా కూర్చు విధము వాడుకకు వచ్చినది. వజ్రపు పొడిని టంగ్‌స్టన్ కార్బైడు అను గట్టి బిళ్లపై పరచి, మన మీదనున్న గాలి యొత్తిడికి 50,000 రెట్లకు పైబడిన యొత్తిడిలో, సుమారు 1,400 డిగ్రీల వేడిమిలో ఉంచుదురు. బిళ్లలోని కోబాల్టు లోహము కరగి రేణువుల సందులలోనికి దిగును. దాని సాయముచే రేణువు రేణువుతో అతుకుకొని ఒక్క పొర యగును.

ఇందలి విశేషము ఇది. ఒక్కొక్క రేణువు ఒక్కొక్క దిక్కునకు తిరిగియుండును. ఒక రేణువులో పుట్టిన చీలిక పొరుగు రేణువును చేరగానే అక్కడ తనకు అనుకూలమైన దారి దొరకక ఆగును, లేదా వంకరపోయి బలము కోల్పోవును. ఆ విధముగా, రత్నమునకు లేని దార్ఢ్యము ఈ పొరకు కలిగినది.

దీని పనులను మన సీమలోనే చూపెదను. కంసాలి కమ్మచ్చు మీరెరుగుదురు. వెండి కమ్మిని పెద్ద బెజ్జమునుండి చిన్న బెజ్జమునకు లాగి సన్నము చేయును. నేడు కార్ఖానాలలో రాగితీగను లాగు కమ్మచ్చులకు ఈ బహుస్ఫటిక వజ్రమును వాడుదురు. ఒంటి స్ఫటికము ఒక దిక్కున ఎక్కువగ, ఒక దిక్కున తక్కువగ అరుగును; బెజ్జము గుండ్రదనము పోవును. బహుస్ఫటికము అన్ని వైపుల సమముగా అరుగును. మీ పొలములోని మోటారునకు చుట్టు రాగితీగ ఇట్టి బెజ్జములగుండ వచ్చునదే. గద్వాల చీర యంచున మెరయు జరీకై లోహమును వెండ్రుకవలె లాగుటకును వజ్రపు బెజ్జములే వాడుదురు. అల్యూమినియము భాగములను నున్నగా తరచుటకును, కృష్ణా గోదావరుల డెల్టాలో చమురునకై లోతైన బావులు తొలచుటకును ఈ వజ్రపు పళ్లే పనిముట్లు.

దీనికిని హద్దులు కలవు. సుమారు 700 డిగ్రీలు దాటిన వేడిమిలో లోనున్న కోబాల్టే శత్రువై, వజ్రమును మరల మెత్తని బొగ్గుగా మార్చజూచును. ఇనుమును కోయుటకు ఇది పనికిరాదు. వేడెక్కిన ఇనుము వజ్రములోని బొగ్గును తనలోనికి లాగుకొనును. మరల మరల పడు సుత్తిదెబ్బకును ఇది అంతగా నిలువదు. చమురు బావిలో వజ్రపు పన్ను రాతిని గొరగుచు పోవును. మన పాలమూరు నల్లరాతిలో బోరుబండి సుత్తితో మోది రాతిని పొడి చేయును. కావున ఆ సుత్తి మొనకు సాధారణముగా ఉండునవి టంగ్‌స్టన్ కార్బైడు గుండీలే గాని వజ్రములు కావు.

ఇంత చెప్పుటకు ఒక ప్రయోజనమున్నది. నాగరుకర్నూలు మెట్టలలోను, వనపర్తి చేలలోను ఒక బోరు ఎండగానే మరియొకటి, అది ఎండగానే వేరొకటి వేయించి అప్పుల పాలైన కుటుంబములు మీ యూళ్లలోనే కలవు. ఇంకను గట్టి మొన తెచ్చెదము, ఇంకను లోతు పోయెదము అని ఎవరైన చెప్పినచో రైతునకు ఆశ పుట్టుట సహజము. పనిముట్టు రాతిని తొలచగలదు; నీటిని పుట్టింపలేదు. మన రాతిలో నీరుండునది పైని మెత్తబడిన పొరలోను, పగుళ్లలోను. లోతు పోయినకొలది ఆ పగుళ్లు సాధారణముగా తగ్గును. బండివానికి అడుగు లెక్కన కూలి వచ్చును. నీరు పడనిచో నష్టము రైతుదే.

కావున రెండవ బోరునకు అప్పు తీయబోవు వానిని మీరు పిలిచి కూర్చుండబెట్టుడు. మొదట భూగర్భజలశాఖవారి సలహా తీసికొనుమని చెప్పుడు. వనపర్తి సంస్థానాధీశులు సప్తసముద్రములను పేర చెరువులు త్రవ్వించిరి. ఆ కాలమున ఇట్టి మొనలు లేవు. వాననీటిని నిలుపవలెనను తెలివి ఉండెను. మీ యూరి చెరువు పూడిక తీయించి, అలుగు బాగుచేయించినచో చుట్టునున్న బావులకును బోర్లకును ఊట హెచ్చును. ఆ పనికి వజ్రము అక్కరలేదు. పారయు, తట్టయు, పదిమంది కూడిక చాలును.