మా ఇంటికి వచ్చిన మొదటి కంప్యూటర్
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. చదువు మీద ఉపన్యాసాలు మీరు చాలా విన్నారు. అందుకని మేము ఒక పెట్టె కథ చెబుతాం. 1999లో మా ఇంటికి వచ్చిన కంప్యూటర్ కథ. ముప్పై ఏళ్ళ లోపు పిల్లలకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి, పర్వాలేదు.

అప్పట్లో మేమిద్దరం కడపలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. ఇద్దరం ఉపాధ్యాయులమే. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పేపరు తెరిస్తే కంప్యూటర్, స్టాఫ్ రూములో కంప్యూటర్, పెళ్ళి భోజనాల దగ్గరా అదే మాట. 2000 సంవత్సరం రాగానే తేదీ తెలియక కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం ఇంకోవైపు. ఆ రోజుల్లో చీటీ పాడి 38 వేలు తెచ్చాం. మా ఇద్దరి జీతాలూ కలిపితే దాదాపు నాలుగు నెలల డబ్బు. "ఈ డబ్బుతో బంగారం కొనొచ్చు కదమ్మా" అని మా అత్తగారు ఒక్కసారే అన్నారు. మళ్ళీ ఎత్తలేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో విడిభాగాలు కొంటే వాళ్ళే బిగించి ఇచ్చారు. సెలరాన్ ప్రాసెసర్, 32 ఎంబీ ర్యామ్, 4.3 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 98. ఇప్పుడు మీ జేబులోని ఫోన్‌లో ఉన్న పెళ్ళి వీడియోలకే ఆ డిస్కు చాలదు. సీపీయూను బస్సు డిక్కీలో వేశాం గానీ, మానిటర్‌ను అక్కడ వేయడానికి మనసు ఒప్పలేదు. కడప దాకా రాత్రంతా వంతులవారీగా ఒళ్ళో పెట్టుకుని వచ్చాం.

బంగారం మాట ఎత్తిన అత్తగారే దానికి గలేబు కుట్టారు. పాత పట్టుచీర కొంగు, చుట్టూ జరీ అంచు. ఆ గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు. దుమ్ముకు వైరస్ వస్తుందని వీధిలో సగం మంది నమ్మేవాళ్ళు. మేము కూడా ఆ నమ్మకాన్ని పెద్దగా కదిలించలేదు, గది శుభ్రంగా ఉండేది!

తెలుగుతో మాత్రం తిప్పలు పడ్డాం. విండోస్ 98కు తెలుగు రాదు. అను ఫాంట్లు వేసుకుని ప్రశ్నపత్రం టైపు చేసి, ఫ్లాపీలో పెట్టుకుని ప్రింటింగ్ ప్రెస్సుకు వెళితే, అక్కడ ఆ ఫాంటు లేకపోతే తెర మీద పిచ్చిగీతలే. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. ఎండకు కాస్త వేడెక్కితే అదీ పోయేది. తర్వాత విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది.

ఉర్దూకు 1994 నుంచే ఇన్‌పేజ్ ఉంది. మా మామూ ఒకరు కాతిబ్. పెళ్ళి కార్డులు, మదర్సా సనదులు చేత్తో రాసేవారు. కీబోర్డు మీద ఆయన పేరు కొట్టి చూపించాం. నస్తాలీఖ్ అక్షరాలు ఒకదాని మీదకి ఒకటి వాలుతూ తెర మీదకు వచ్చాయి. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఈ అక్షరాలను మొదట రాసింది కూడా ఎవరో చెయ్యే కదా" అన్నారు. నిజమే. ఆ నూరీ నస్తాలీఖ్‌కు మూలం మీర్జా అహ్మద్ జమీల్ చేతి రాత, 1981 నాటిది. మరుసటి వారం నుంచి మామూ వచ్చి పక్కన కూర్చుని మా అక్షరదోషాలు దిద్దడం మొదలుపెట్టారు.

డయలప్ కనెక్షన్ పెట్టించాక మా ఇల్లు పోస్టాఫీసు అయింది. కడప జిల్లాలో కువైట్‌లో మనిషి లేని వీధి ఎక్కడుంది? ఐఎస్‌డీకి డబ్బు పెట్టలేని ఖాలాలు మా దగ్గరకు వచ్చి చెబుతుంటే ఉర్దూ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపేవాళ్ళం. మోడెమ్ గుర్రుగుర్రుమని మొదలెడితే మా ఫోను ఎంగేజ్. బంధువులకు అదో ఫిర్యాదు.

అసలు చెప్పదలచుకున్నది ఆడపిల్లల గురించి. ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి, చెక్కలతో కట్టిన చిన్న చిన్న గదులు. అక్కడికి ఏ తండ్రి కూతుర్ని పంపుతాడు? మా ఇంట్లో అయితే ఆడవాళ్ళం ఉన్నాం, అత్తగారు ఉన్నారు. సాయంత్రం ఐదు నుంచి మగ్‌రిబ్ దాకా ఆడపిల్లలకని చెప్పాం. మొదట ఇద్దరు, తర్వాత పదకొండు మంది. ఒక్కొక్కరికి పావుగంట. కరెంటు పోతే ఆ పావుగంట మరుసటి రోజుకు బాకీ. దానికొక నోటుపుస్తకం, దాని మీద తగాదాలు.

వాళ్ళలో ఒక దర్జీ గారి అమ్మాయి. పదో తరగతి అయ్యాక చదువు మాన్పించాలని ఇంట్లో నిర్ణయం. వాళ్ళమ్మ కూడా వచ్చి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కాపలా కూర్చునేది. ఆ పిల్ల నాలుగు నెలల్లో ఎక్సెల్ నేర్చుకుని, తండ్రి కొట్టు లెక్కలన్నీ ఎక్కించింది. ఎవరెవరు కుట్టుకూలి బాకీ ఉన్నారో కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. రెండు రంజాన్ల కిందటి బాకీలు కూడా అందులో ఉన్నాయి. ఆయన ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "ఆపా, ఇంటర్‌లో దీన్ని ఏ గ్రూపులో వేయాలి?" అని అడిగారు. ఇప్పుడు ఆ అమ్మాయి కామర్స్ లెక్చరర్.

ఆ కంప్యూటర్ 2006లో పూర్తిగా ఆగిపోయింది. పాత సామాన్లవాడు తూకం వేసి తీసుకెళ్ళాడు. గలేబు మాత్రం ఉంది.

ఇక మన స్టడీ సెంటర్ విషయం. రెండేళ్ళ కిందట మీరిచ్చిన ఆరు కంప్యూటర్లు, మా పాత దానికంటే వందల రెట్లు మంచివి, చాలా రోజులు తాళం వేసిన గదిలోనే ఉంటున్నాయి. ఎవరి తప్పూ లేదు. సాయంత్రం కూర్చునే మనిషి లేరు, అంతే. ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది కదా అంటారు. మా తొమ్మిదో తరగతి పిల్లల్లో ఫోన్‌లో వీడియో చూడనివాళ్ళు లేరు. సెలవు చీటీ టైపు చేయగలిగినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కించవచ్చు.

ఈ ఏడాది ఏడో కంప్యూటర్ ఇవ్వాలనుకుంటున్న దాతలకు మా మనవి ఒక్కటే. ఆ డబ్బు ఒక ఆపా జీతానికి ఇవ్వండి. కంప్యూటర్ తెలిసిన అమ్మాయి, ఐదు నుంచి మగ్‌రిబ్ దాకా తలుపు తీసి కూర్చోవాలి. తల్లులు వచ్చి కూర్చోవడానికి నాలుగు కుర్చీలు కూడా కావాలి. మనిషి దొరికే దాకా సోమ, బుధ, గురువారాలు మేమిద్దరం వస్తాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఈ సభ అయ్యేలోపు చెబితే చాలు.

వస్సలాం.