పత్రికలవారు తలుపు తట్టినప్పుడు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, వక్ఫ్ భూముల గురించి ఈ వేదిక మీద ప్రతి యేటా వింటూనే ఉన్నాము. ఈ యేడు నాకప్పగించిన విషయం కొంచెం కొత్తది. పత్రికలవారు, టీవీలవారు వచ్చి ప్రశ్నలడిగితే మన పెద్దలు ఎలా మాట్లాడాలి అన్నది ఆ విషయం.

"అదంతా మంత్రులకు కావలసిన విద్య, మనకెందుకండీ?" అని కొందరనవచ్చు. నిజమే, మంత్రులకు, పెద్ద కంపెనీల వారికి ఈ విద్య నేర్పే వాళ్లున్నారు. రుసుము పుచ్చుకొని, కెమెరా ముందు కూర్చోబెట్టి, చిక్కు ప్రశ్నలు వేసి సాధన చేయిస్తారు. మరి మన మస్జిదు సదర్ సాబ్‌కు, మదర్సా నాజిమ్ సాబ్‌కు, ముతవల్లీకి నేర్పేదెవరు? ఊళ్లో ఏదైనా జరిగిననాడు మైకు వచ్చేది వీరి ముందుకే. ఆ క్షణం నుండి వీరూ నాయకులే. వారు తమ సొంత అభిప్రాయంగా అన్నమాట మర్నాడు "ముస్లింల మాట"గా అచ్చవుతుంది. ఆ మాట బరువు మోయవలసింది స్కూలుకు వెళ్లే మన పిల్లలు, అద్దె ఇల్లు వెతుక్కునే మన కుర్రవాళ్లు, బజారులో కొట్టు నడుపుకునే మన సోదరులు.

ఇది ఉత్త భయం కాదు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిదులో బాంబు పేలింది. తర్వాత నగరంలో ఎందరో ముస్లిం యువకులను పట్టుకొని కేసులు పెట్టారు. కోర్టులు వారిని నిర్దోషులని విడిచిపెట్టాయి. అలాంటివారికి 2011-12లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వునూ కొట్టివేసింది. ఒక యువకుణ్ణి అరెస్టు చేసిన వార్త ఎంత పెద్ద అక్షరాలతో వస్తుందో, అతడు నిర్దోషి అన్న వార్త అంత పెద్ద అక్షరాలతో రావడం అరుదు. ఆ అరెస్టునాడు ఇంటి గుమ్మంలో ఏడుస్తున్న తల్లి ముందు పది మైకులుంటాయి. ఆమెను ప్రక్కన కూర్చోబెట్టి, "ఇతని మీద వచ్చినది ఆరోపణ మాత్రమే. విషయం కోర్టులో ఉన్నది. వివరాలు మా వకీలు చెబుతారు" అని నిదానంగా చెప్పగల మనిషి ఒక్కడు అక్కడ ఉండాలి. నేడు నేను మాట్లాడేది ఆ ఒక్క మనిషిని తయారు చేసుకోవడం గురించే.

సాధారణంగా రెండు రకాల పొరపాట్లు కనిపిస్తాయి. మొదటిది తలుపు మూసుకోవడం. "మేమేమీ చెప్పం, పొండి" అంటే విలేఖరి వార్త రాయడం మానడు. వీధి చివర నిలబడ్డ మరెవరినో అడిగి రాసుకుంటాడు. రెండవది నోరు పారేసుకోవడం. కోపం వచ్చింది కదా అని తెలిసినదీ తెలియనిదీ కలిపి అరవడం. టీవీవారికి ఆ అరుపే కావాలి. అరగంట మంచిమాటలు పక్కకు పోయి, ఆ పది సెకన్లే పదిసార్లు చూపిస్తారు.

ఈ రెంటికీ మధ్య దారి ఎక్కడున్నది? మన చరిత్రలోనే ఉన్నది. మక్కాలో హింస భరించలేక కొందరు ముస్లిములు హబషాకు, అంటే అబిసీనియాకు వలసపోయారు. ఖురైషీలు వారిని వెనక్కు రప్పించడానికి కానుకలిచ్చి అమ్ర్ బిన్ ఆస్‌ను, మరొకరిని పంపారు. వాళ్లు ముందుగా దర్బారు పెద్దలను మంచి చేసుకొని, వలసవచ్చిన వారి మాట వినకుండానే అప్పగించమని అడిగించారు. నజాషీ రాజు న్యాయమూర్తి. రెండో పక్షం మాట వినందే కాదన్నాడు.

కబురు రాగానే వలసవచ్చినవారు ఏం చేశారు? అందరూ కూర్చుని, ఏమి చెప్పుదామని సంప్రదించుకున్నారు. ఏమైనా కానివ్వండి, మనకు తెలిసినదే, ప్రవక్త (స) మనకు నేర్పినదే చెబుదామని నిర్ణయించుకున్నారు. అందరి తరఫున జఅఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) మాట్లాడారు. ఆయన ఖురైషీలను తిట్టలేదు. మేము ఒకనాడు ఇలా ఉండేవాళ్లం, బలవంతుడు బలహీనుణ్ణి మింగేవాడు అని మొదట తమ సంగతే చెప్పారు. ప్రవక్త (స) తమకు సత్యం, అమానత్, బంధుత్వం, పొరుగువారి హక్కు నేర్పారన్నారు. అందుకు తమను హింసించారన్నారు. నీ రాజ్యంలో అన్యాయం జరగదని ఆశతో వచ్చామన్నారు. అంతే! మర్నాడు అమ్ర్ ఒక చిక్కు ప్రశ్న తెచ్చాడు: ఈసా (అలై) గురించి వీరేమంటారో అడగండి అని. రాజు క్రైస్తవుడు. అక్కడ కూడా వారు రాజును మెప్పించడానికి మాట మార్చలేదు, ఆయనను నొప్పించే విధంగానూ మాట్లాడలేదు. ఉన్నదున్నట్లు మర్యాదగా చెప్పారు. రాజు కానుకలు తిప్పి పంపి, వారికి అభయమిచ్చాడు.

చూడండి, ఇందులో మొత్తం పాఠం ఉన్నది. ముందు సంప్రదింపు, తర్వాత ఒక్కరే మాట్లాడటం, తెలిసినంతే చెప్పడం, కష్టమైన ప్రశ్నకు కూడా మర్యాద తప్పకపోవడం. మూసా (అలై) ఫిరౌను దగ్గరకు వెళ్లేటప్పుడు తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు. తనకంటే బాగా మాట్లాడగల సోదరుడు హారూన్ (అలై)ను తోడుగా అడిగారు. ప్రవక్తకే లేని సంకోచం మన సదర్ సాబ్‌కు ఎందుకు? "నాకంటే ఫలానా మాస్టారు బాగా మాట్లాడతారు, ఆయన్ను అడగండి" అనడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఇక ఆచరణలోకి వద్దాం.

విలేఖరి ఫోను చేయగానే జవాబు చెప్పనక్కరలేదు. పేరు, పత్రిక, ఏ విషయం మీద రాస్తున్నారు, ఎన్ని గంటలలోగా కావాలి అని అడిగి రాసుకోండి. "ఒక్క అరగంటలో నేనే చేస్తాను" అనండి. అన్నమాట ప్రకారం తప్పక చేయండి. ఆ అరగంటలో ఒక కాగితం మీద మూడే మూడు వాక్యాలు రాసుకోండి: ఏమి జరిగింది, మనమేమి చేస్తున్నాము, ప్రజలను ఏమి కోరుతున్నాము. సంఖ్యలు, తేదీలు, సర్వే నంబర్లు ఉంటే రిజిస్టరు చూసి రాయండి. వక్ఫ్ స్థలం తగాదా అయితే గెజెట్ నకలు చేతిలో పెట్టుకోండి. గొంతు పెంచడం కంటే ఒక కాగితం చూపడం ఎక్కువ పనిచేస్తుంది.

మాట్లాడేటప్పుడు ఎదుటివారి నింద మాటను మన నోటితో తిరిగి అనవద్దు. "మీ మదర్సాలో పిల్లలను బంధించారట కదా?" అని అడిగారనుకోండి. "మేము పిల్లలను బంధించలేదు" అంటే మర్నాడు శీర్షికలో "బంధించడం" అన్న మాటే మిగులుతుంది. దాని బదులు "మా దగ్గర చదివే పిల్లల పేర్లు, తల్లిదండ్రుల సంతకాలు ఈ రిజిస్టరులో ఉన్నాయి. రండి, పిల్లలతో మాట్లాడండి" అనండి. తెలియనిదానికి "నాకు తెలియదు, కనుక్కొని సాయంత్రం చెబుతాను" అనడమే శ్రేయస్కరం. తెలియనిదాని వెంటపడవద్దని దివ్య ఖుర్ఆన్ హెచ్చరిక. మంచి మాట పలకండి లేదా మౌనంగా ఉండండి అన్నది ప్రవక్త (స) బోధ.

"ఇది రాయకండి, మీకు మాత్రమే చెబుతున్నా" అని చెప్పి మాట్లాడటం ప్రమాదం. అచ్చులో చూడటానికి ఇష్టపడని మాట నోట రానివ్వకండి. కెమెరా ఆగిపోయిందనుకోవద్దు. ఈ రోజులలో ప్రతి జేబులోనూ కెమెరా ఉన్నది. వీలుంటే మన కుర్రవాడొకడు మొత్తం సంభాషణను ఫోనులో రికార్డు చేయాలి. రేపు ముక్క కోసి చూపిస్తే, పూర్తిది మన దగ్గర ఉంటుంది.

భాష విషయం మరీ ముఖ్యం. మన పెద్దలు దక్కనీ ఉర్దూలో చెబుతారు, విలేఖరి తెలుగులో రాస్తాడు. మధ్యలో అర్థం జారిపోతుంది. "ఫత్వా" అంటే ధార్మిక పండితుడు అడిగిన వారికిచ్చే అభిప్రాయం. తెలుగు పత్రికలలో అది "హుకుం జారీ" అన్న అర్థంలో స్థిరపడిపోయింది. కాబట్టి "మా ముఫ్తీ సాబ్ ధార్మిక అభిప్రాయం ఇది" అని తెలుగులోనే చెప్పండి. ప్రకటనను తెలుగులోనే రాసి చేతికివ్వండి.

టీవీ చర్చల గురించి ఒక్క మాట. పిలిచారు కదా అని పరుగెత్తవద్దు. అంశమేమిటి, ఇంకెవరు వస్తున్నారు, ఎంతసేపు అని అడగండి. అది కోడిపందెం అని తోస్తే సున్నితంగా కాదనండి. స్త్రీల విషయాలపై చర్చ అయితే మన ఆడపడుచులే మాట్లాడాలి. తలాఖ్ మీద సుప్రీంకోర్టు 2017లో తీర్పునిచ్చినప్పుడు, 2019లో చట్టం వచ్చినప్పుడు దేశమంతా చర్చించింది. చదువుకున్న చెల్లెళ్లు మన ఇళ్లలో ఉండగా వారి తరఫున మగవాళ్లే గడ్డాలు సవరించుకుంటూ మాట్లాడటం ఏమి బాగుంటుంది?

ఇవన్నీ ఉపాయాలు. ఉపాయాలకు వెనుక గుండె ఉండాలి. 2018 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో అల్లర్లు జరిగాయి. నూరానీ మస్జిదు ఇమామ్ మౌలానా ఇమ్దాదుల్ రషీదీ గారి 16 ఏళ్ల కుమారుణ్ణి చంపేశారు. జనాజాకు వేలమంది వచ్చారు. వారి కళ్లలో నిప్పులు. ఆ తండ్రి ఒక్కమాట జారితే ఊరు తగలబడేది. ప్రతీకారం వద్దన్నారాయన. మీరు ఎవరినైనా కొడితే నేను ఈ మస్జిదును, ఈ ఊరును విడిచిపోతానన్నారు. విలేఖరులకూ శాంతి మాటే చెప్పారు. ఆయనకు ఏ శిక్షకుడు నేర్పాడు? కాని తన మాట ఎవరి ప్రాణం మీదకు వస్తుందో ఆయనకు తెలుసు. అదే అసలు శిక్షణ.

తప్పు వార్త వస్తే ఏమి చేయాలి? ఆఫీసు ముందు గుమిగూడవద్దు. తేదీ, పేజీ, తప్పు వాక్యం, దానికి మన రుజువు చూపి సంపాదకునికి ఉత్తరం రాయండి. సవరణ వేయకపోతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక, వారపత్రికలయితే రెండు నెలలలోగా పంపాలి. కౌన్సిల్ జరిమానా వేయలేదు గాని, హెచ్చరించగలదు, అభిశంసించగలదు. టీవీ అయితే ప్రసారమైన ఏడు రోజులలోగా ముందు ఆ ఛానెల్‌కే రాయాలి. తృప్తి కలగకపోతే వార్తా ఛానెళ్లు తమకు తాము ఏర్పరచుకున్న ప్రమాణాల సంస్థకు వెళ్లవచ్చు. అందులో చేరిన ఛానెళ్లకే అది వర్తిస్తుంది. 2020లో కరోనా నాడు తబ్లీగీ జమాత్ పేరుతో ఏమేమి చూపించారో మీరంతా చూశారు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులు కొట్టివేస్తూ మీడియా ప్రచారాన్ని తప్పుపట్టింది. 2021 జూన్‌లో, పౌరులు పెట్టిన ఫిర్యాదు మీద, ఆ ప్రమాణాల సంస్థ రెండు కన్నడ ఛానెళ్లకు జరిమానా విధించింది. ఒక ఉత్తరం పని చేస్తుందనడానికి ఇది నిదర్శనం.

అయితే విలేఖరులందరినీ శత్రువులుగా చూడవద్దు. "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. నిజం రాసే కలం విలువ మనకు తెలియనిది కాదు. మన ఊరి విలేఖరి కూడా చాలీచాలని రాబడితో ఊరంతా తిరిగే మనిషే. గొడవనాడే గాక రక్తదానం నాడు, పిల్లలకు బహుమతులిచ్చే నాడు, ఇఫ్తార్ నాడు కూడా అతణ్ణి పిలవండి. మన గడప తెలిసినవాడు రేపు రాసేముందు ఒక్కసారి ఫోను చేసి అడుగుతాడు.

చివరగా సంఘానికి ఒక మనవి. ముగ్గురిని ఎన్నుకోండి. వారిలో ఒకరు తప్పక స్త్రీ అయి ఉండాలి, ఒకరు తెలుగు బాగా రాయగలిగి ఉండాలి. మిగతా అందరమూ ఎవరడిగినా వారి నంబరే ఇద్దాం. ఆరు నెలలకొకసారి ఒక పూట కూర్చుందాం. మన కుర్రవాళ్లు విలేఖరులై కటువుగా ప్రశ్నలడగాలి, ఆ ముగ్గురూ కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పాలి. ఫోనులో తీసి, చూసి, దిద్దుకుందాం. దీనికి పైసా ఖర్చు లేదు.

అల్లాహ్ మన నాలుకలకు సత్యాన్ని, మన గొంతులకు మృదుత్వాన్ని ప్రసాదించుగాక! మన మాట వలన ఏ అమాయకునికీ కష్టం కలగకుండా కాపాడుగాక! ఆమీన్.