పేరు మారింది, కన్ను మారలేదు: బోర్డర్ దగ్గర డేటా అనలిస్ట్ ఏం చేస్తాడు?

ఇవాళ్టి ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక చిన్న ముచ్చటతో మొదలుపెడతా.

దసరాకు గంభీరావుపేట పోయిన. మా చిన్నాయన కొడుకు, అంటే నాకు తమ్ముడు, బీటెక్ కంప్యూటర్ సైన్స్ ఫైనల్ ఇయర్. గేట్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. "అన్నా, ఇంటెలిజెన్స్ బ్యూరోలో టెక్నికల్ పోస్టులు పడితే అప్లై చేస్తా. ఎయిర్‌పోర్టుల్లో, బోర్డర్‌లో వచ్చేపోయేవాళ్ల డేటా చూసే పని దొరికితే ఇక చూడు" అన్నాడు. కళ్లు మెరుస్తున్నాయి వాడికి.

పక్కన మంచం మీద కూర్చున్న చిన్నాయన అప్పటిదాకా ఏం మాట్లాడలేదు. మెల్లగా అడిగాడు: "అయితే ఒక్క మాట చెప్పురా. ఆనాడు ఆ కంప్యూటర్ ముందు నువ్వే కూసున్నవనుకో. నన్ను లోపటికి పంపుదువా, ఎనకకు తోలుదువా?"

తమ్ముడు నా దిక్కు చూశాడు. నేను ఫోన్ దిక్కు చూశాను. ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

ఈ ఎపిసోడ్ ఆ జవాబు కోసమే. ముందు చిన్నాయన కథ చెప్తా.

మా దిక్కు గల్ఫ్ గురించి కొత్తగా చెప్పేదేముంది? సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, ఏ వాడకు పోయినా దుబాయ్, మస్కట్, సౌదీ పోయొచ్చిన మనిషి ఒకరుంటారు. చిన్నాయన కూడా ఎమిరేట్స్‌లో బిల్డింగ్ పనికి పోయాడు. కఫీల్ నెలల తరబడి జీతం ఇయ్యలేదు. పాస్‌పోర్ట్ కూడా కఫీల్ దగ్గరే. ఇంటి దగ్గర మిత్తి పెరుగుతోంది. ఒకరోజు అక్కడి నుంచి బయటపడి ఇంకోచోట పనిలో చేరాడు. దీన్నే మన దగ్గర కల్లివెల్లి అయిండు అంటారు. అక్కడి చట్టం ప్రకారం అది నేరం. 2003లో పట్టుకున్నారు, కొన్నాళ్లు జైల్లో పెట్టారు, ఇంటికి పంపించారు. పంపేముందు ఒక కెమెరాలోకి చూడమన్నారు. ఫొటో అనుకున్నాడు.

ఇక్కడ ఒక ఏజెంట్ దొరికాడు. "పేరు మార్చి కొత్త పాస్‌పోర్ట్ తీద్దాం. పాత రికార్డు ఎవడు చూస్తడు?" అన్నాడు. చిన్నాయన నూటికి మూడు రూపాయల మిత్తికి మళ్లీ అప్పు తెచ్చాడు. 2004లో కొత్త పేరుతో అదే దేశంలో దిగాడు. లైన్లో నిలబడ్డాడు. మళ్లీ అదే కెమెరా. అవతల ఉన్న ఆఫీసర్ పేరు కూడా అడగలేదు. స్క్రీన్ చూశాడు, పక్కకు నిలబడమని చెయ్యి చూపించాడు. తర్వాతి ఫ్లైట్‌కు వాపస్.

"పేరు మారింది, పాస్‌పోర్ట్ మారింది. కన్ను మారలే" అని చిన్నాయన ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్తాడు. ఆ అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది. చిన్నమ్మ బీడీలు చుట్టి తీర్చింది. మా తమ్ముడికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

సరే, ఇప్పుడు ఆ కెమెరా సంగతి. కంటి నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు వలయాన్ని ఐరిస్ అంటారు. దాంట్లో గీతలు, మడతలు, చుక్కలు ఉంటాయి. ఏ ఇద్దరివీ కలవవు. కవలలవి కూడా కలవవు. ఒకే మనిషి కుడికన్ను, ఎడమకన్ను కూడా కలవవు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో జాన్ డాగ్‌మన్ అనే ప్రొఫెసర్ ఈ నమూనాను 2048 బిట్ల కోడ్‌గా మార్చే పద్ధతి కనిపెట్టాడు. 1994లో పేటెంట్ వచ్చింది. రెండు వేర్వేరు కళ్ల కోడ్‌లు పోల్చితే దాదాపు సగం బిట్లు తేడా వస్తాయి. నాణెం ఎగరేసినట్టే అనుకోండి. అదే కన్ను మళ్లీ స్కాన్ చేస్తే తేడా చాలా తక్కువ. ఆ గ్యాప్‌లోనే మొత్తం లెక్క ఉంది.

ఎమిరేట్స్ 2001లో ఈ పద్ధతిని బోర్డర్లలో మొదలుపెట్టింది. దేశం నుంచి పంపించేసిన వాళ్ల కళ్లతో ఒక లిస్ట్ పెట్టుకుంది. అక్కడ సేకరించిన 6,32,500 ఐరిస్ కోడ్‌లను ఒకదానితో ఒకటి పోల్చి, అంటే దాదాపు 20,000 కోట్ల పోలికలు చేసి, డాగ్‌మన్ 2006లో ఒక పేపర్ రాశాడు. 152 దేశాల మనుషుల కళ్లు అవి. అందులో మన దిక్కువాళ్లవి ఎన్నో ఆలోచించుకోండి.

ఇక్కడ ఒక తేడా పట్టుకోండి. రేషన్ షాపులో మీరు వేలు పెడితే మెషీన్ అడిగే ప్రశ్న ఒకటే: "ఈయన ఆయనేనా?" ఒకటికి ఒకటి పోల్చుతుంది. బోర్డర్‌లో ప్రశ్న వేరు: "ఈయన మా లిస్టులో ఎవరైనా అవునా?" ఒక మనిషిని లిస్ట్ మొత్తంతో పోల్చుతుంది. మొదటిదాంట్లో తప్పు జరిగితే బియ్యం ఆలస్యం అవుతాయి. రెండోదాంట్లో తప్పు జరిగితే బతుకు ఆగిపోతుంది.

ఇప్పుడు ఇంకో విషయం. అందరూ బోర్డర్ అంటే ఎయిర్‌పోర్ట్ కౌంటర్ అనుకుంటారు. కానీ మీరు కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి మీ డేటా ఎప్పుడో చేరిపోయి ఉంటుంది. మన దేశంలో 2022 ఆగస్టులో పీఎన్‌ఆర్ రెగ్యులేషన్స్ వచ్చాయి. వాటి ప్రకారం అంతర్జాతీయ ఫ్లైట్ బయల్దేరడానికి 24 గంటల ముందే ఎయిర్‌లైన్స్ టికెట్ వివరాలు కస్టమ్స్‌కు ఇవ్వాలి. పేరు, ఫోన్ నంబర్, డబ్బు ఎలా కట్టారు, ఏ ట్రావెల్ ఏజెంట్, లగేజీ ఎంత, ఇవన్నీ అందులో ఉంటాయి. మామూలుగా ఐదేళ్లు దాచుకోవచ్చు. ఈ డేటా చూసి "వీళ్లను ఒకసారి ఆపి అడగండి" అని చెప్పడమే అనలిస్ట్ పని.

ఈ పని ఎంత అవసరమో మన పక్కనే ఉన్న ఉదాహరణ చెప్తా. 2021 మొదట్లో శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్లు కొందరు ప్రయాణికులను ఆపారు. చేతిలో ఇండియన్ పాస్‌పోర్ట్, మనుషులు బంగ్లాదేశ్ వాళ్లు. అడ్రస్ చూస్తే బోధన్. తీగ లాగితే, బోధన్‌లోని కొద్దిపాటి అడ్రస్‌ల మీదే 72 పాస్‌పోర్టులు తీసినట్టు తేలింది. వెరిఫికేషన్ చూసిన పోలీసు సిబ్బంది కూడా అరెస్టయ్యారు. మళ్లీ 2024 జనవరిలో విదేశీయులకు మన పాస్‌పోర్టులు ఇప్పించిన ముఠాను రాష్ట్ర సీఐడీ పట్టుకుంది.

కోడింగ్ వచ్చినవాళ్లకు ఇది చాలా సింపుల్ క్వెరీ అనిపిస్తుంది. అడ్రస్ మీద గ్రూప్ బై, కౌంట్ ఐదు దాటితే ఫ్లాగ్. అయిపోయింది కదా?

అవ్వలేదు. మా ఊర్లో పాస్‌పోర్ట్ అప్లికేషన్ ఎక్కడ నింపుతారు? ఇంటర్నెట్ సెంటర్లో. ఫోన్ నంబర్ కాలమ్‌లో ఎవరి నంబర్ పడుతుంది? చాలాసార్లు ఆ సెంటర్ అన్నదే. ఓటీపీ ఆయనకే వస్తుంది కాబట్టి. ఒక ఇంటి నంబర్ మీద అన్నదమ్ముల మూడు సంసారాలు ఉంటాయి. ఇక గంగారాం, రాజేశం, నర్సయ్య లాంటి పేర్లు ఒక్క మండలంలో ఎంతమందికి ఉంటాయో లెక్క లేదు. శ్రీనివాస్‌ను ఇంగ్లీష్‌లో ఒక్కో సర్టిఫికెట్‌లో ఒక్కో స్పెల్లింగ్‌తో రాస్తారు. ఢిల్లీలో ఏసీ రూమ్‌లో కూర్చున్నవాడికి ఒకే ఫోన్ నంబర్, ఒకే అడ్రస్, కలిసీ కలవని స్పెల్లింగులు కనిపిస్తే అది ముఠా. మనకైతే అది మామూలు వాడకట్టు.

ఇక్కడ ఒక లెక్క చేద్దాం, పెన్ను తీయండి. ఒక లక్ష మంది ప్రయాణికులు. వాళ్లలో నిజంగా పట్టుకోవాల్సిన వాళ్లు 10 మంది అనుకుందాం. మన సిస్టమ్ ఆ 10 మందినీ పట్టేస్తుంది, అమాయకుల విషయంలో నూటికి ఒక్కసారే తప్పు చేస్తుంది అనుకుందాం. వినడానికి సూపర్ కదా? మిగిలిన 99,990 మందిలో ఒక్క శాతం అంటే దాదాపు 1,000 మంది. అంటే స్క్రీన్ మీద 1,010 పేర్లు ఎర్రగా వెలుగుతాయి. వాళ్లలో 10 మందే అసలువాళ్లు. ఎర్రగా వెలిగిన ప్రతి 101 మందిలో 100 మంది ఏ తప్పూ చేయనివాళ్లు!

అందుకే ఎర్ర లైట్ తీర్పు కాదు, అది ఒక డౌట్ మాత్రమే. ఆ డౌట్‌ను తీర్పుగా మార్చకుండా ఆపగలిగినవాడే మంచి అనలిస్ట్. ఐరిస్ లాంటిదాంట్లో తప్పు చాలా అరుదు. కానీ పేర్లు, అడ్రస్‌లు, ఫోన్ నంబర్లతో చేసే లెక్కల్లో అలా కాదు.

పేరు ఎంత పని చేస్తుందో ఇంకో ఉదాహరణ. 2022 నవంబర్‌లో ఎమిరేట్స్ ఒక రూల్ పెట్టింది: పాస్‌పోర్ట్‌లో ఒక్కటే పేరు ఉంటే విజిట్ వీసా మీద రానివ్వం అని. తర్వాత, పాస్‌పోర్ట్ రెండో పేజీలో తండ్రి పేరో ఇంటి పేరో ఉంటే సరే అన్నారు. మన ఊర్లల్లో ఇంటి పేరు కాలమ్ ఖాళీగా వదిలేసినవాళ్లు ఎందరో! వాళ్ల తప్పేం లేదు. ఫామ్ తయారుచేసినవాడికి మన పేర్ల పద్ధతి తెలియదు, అంతే.

ఇప్పుడు ఈ జాబ్ కావాలనుకునేవాళ్ల కోసం. మన దేశంలో ఎయిర్‌పోర్ట్ ఇమిగ్రేషన్ చూసేది బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్, కేంద్ర హోంశాఖ కింద. ఇంటెలిజెన్స్ బ్యూరో 2023 డిసెంబర్‌లో గేట్ స్కోర్ మీద ఏసీఐఓ గ్రేడ్ టూ టెక్నికల్ పోస్టులు 226 వేసింది, కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకు. కస్టమ్స్ వైపు వెళ్లాలంటే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ ఒక దారి. అమెరికా బోర్డర్‌లో ఆఫీసర్ జాబ్ ఇప్పిస్తా అని ఎవడైనా చెప్తే నమ్మకండి. దానికి అక్కడి పౌరసత్వం ఉండాలి.

గల్ఫ్ పోయేవాళ్లకు కూడా నాలుగు మాటలు. అప్లికేషన్‌లో మీ ఫోన్ నంబరే పెట్టండి. ఆధార్, టెన్త్ మెమో, పాస్‌పోర్ట్ మూడింట్లో స్పెల్లింగ్ ఒకటే ఉందో లేదో పోయే ముందు చూసుకోండి. ఏజెంట్ లైసెన్స్ ఉన్నవాడేనా అన్నది ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. అన్నిటికంటే ముఖ్యం: పేరు మార్చి పాస్‌పోర్ట్ తీద్దాం అన్నవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడకండి. తప్పుడు వివరాలతో పాస్‌పోర్ట్ తీసుకుంటే మన 1967 పాస్‌పోర్ట్ చట్టం కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఏజెంట్ తప్పించుకుంటాడు, లైన్లో నిలబడేది మీరే.

మళ్లీ ఆ మంచం దగ్గరికి వద్దాం. రాత్రి అన్నం తిన్నాక తమ్ముడే మొదలుపెట్టాడు. "బాపూ, ఆపేవాణ్నే. కన్ను కలిసింది, పేరు వేరే ఉంది. ఎవరు కూర్చున్నా ఆపాల్సిందే."

నాకు గుండె ఝల్లుమంది. చిన్నాయన మాత్రం తల ఊపాడు. "ఆపాలె. నేను తప్పు పాస్‌పోర్ట్‌తోనే పోయిన. గది నేను ఒప్పుకుంట. గని, మొదటిసారి పట్టుకున్ననాడు, ఎందుకు కల్లివెల్లి అయినవురా అని ఒక్కడన్నా అడిగిండా? జీతమియ్యని ముచ్చట ఏ కంప్యూటర్ల రాసిన్రు?"

ఫ్రెండ్స్, నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. ఎన్నో టేబుల్స్ డిజైన్ చేశాను. ఈ ప్రశ్న నన్ను ఏ రివ్యూలోనూ ఎవరూ అడగలేదు. చిన్నాయన పేరు ఉన్న లిస్టులో "పంపించేశాం" అన్న కాలమ్ ఉంది. "ఎందుకు" అన్న కాలమ్ లేదు. ఆ కఫీల్ పేరు ఏ లిస్టులోనూ లేదు. కన్ను దొరికినవాడు దొంగ అయ్యాడు, జీతం ఎగ్గొట్టినవాడు డేటాలోనే లేడు.

తమ్ముడు కాసేపు ఊరుకుని, "అయితే గేట్ రాయాలా వద్దా?" అన్నాడు. చిన్నాయన అన్నాడు: "రాయి. అక్కడ మన ముచ్చట తెలిసినోడు ఒకడుండాలె."

వాడు రాస్తున్నాడు. రిజల్ట్ వచ్చాక చెప్తా. మీ ఇంట్లో గల్ఫ్ పోయొచ్చినవాళ్లు ఉంటే ఇవాళ ఒక్కసారి కూర్చుని అడగండి, అక్కడ ఏం జరిగిందని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.